పన్నెండు వారాల మాత్ర, పాతికేళ్ల పరిశోధన: హెపటైటిస్ సి మందుల కథ

బ్యాంకు వ్యవస్థాపక దినోత్సవం వచ్చిందంటే మన శాఖల్లో రక్తదాన శిబిరం తప్పనిసరి. రక్తం ఇచ్చినవారికి పండ్లరసం, బిస్కెట్లు, ఒక సర్టిఫికెట్. చాలామందికి ఆ సంగతి అక్కడితో ముగుస్తుంది. ఏ కొద్దిమందికో మాత్రం కొన్నాళ్ల తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వస్తుంది: "వీలు చూసుకుని ఒకసారి వచ్చి కలవండి." దానం చేసిన ప్రతి రక్తపు సంచికి ఎయిడ్స్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పక చేస్తారు. అందులో హెపటైటిస్ సి అని తేలితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

మొదటి భయం జబ్బు గురించి. రెండోది మందు గురించి. "అవి కొత్త మందులట కదా, ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయట కదా, గుండెకు మంచివి కావట కదా" అని బంధువుల్లో ఎవరో ఒకరు అంటారు. ఈ రెండో భయం పూర్తిగా ఆధారం లేనిది కాదు. ఈ వ్యాధికి తయారైన మందుల్లో కొన్ని నిజంగానే గుండెను దెబ్బతీశాయి. అయితే అవి మన మందుల షాపు దాకా రాలేదు. ఏవి ఆగిపోయాయి, ఏవి నిలిచాయి, నిలిచిన వాటితో కూడా ఏ జాగ్రత్త అవసరం అన్నది తెలిస్తే భయం తగ్గుతుంది. జాగ్రత్త మాత్రం మిగులుతుంది. మనకు కావలసింది అదే.

నాది వైద్యం చదువు కాదు, మేనేజ్‌మెంట్ చదువు. అండమాన్‌లో పనిచేస్తున్న బ్యాంకు అధికారిగా నేను చదివి తెలుసుకున్నది మన కుటుంబాలతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. మందు ఇవ్వాలా వద్దా అన్నది ఎప్పుడూ డాక్టరుగారి నిర్ణయమే.

జబ్బు సంగతి

హెపటైటిస్ అంటే కాలేయం వాపు. దానికి కారణమయ్యే వైరస్‌లలో ఎ, ఇ రకాలు కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. పచ్చకామెర్లు తెప్పించి చాలామందిలో వాటంతట అవే పోతాయి. బి, సి రకాల దారి వేరు. సి రకం ముఖ్యంగా రక్తం ద్వారానే సోకుతుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, సరిగా శుభ్రం చేయని పరికరాలతో పళ్ల వైద్యం, పచ్చబొట్లు, పరీక్షించని రక్తం ఎక్కించడం, డయాలసిస్ దగ్గర అజాగ్రత్త, మత్తు ఇంజెక్షన్లు దాని దారులు.

ఈ వైరస్ సోకిన నూరుమందిలో సుమారు ముప్పై మందికి ఆరు నెలల్లోపు ఏ మందూ లేకుండానే పోతుంది. మిగతా డెబ్బై మందిలో తిష్ట వేస్తుంది. అలా తిష్ట వేసినవారిలో 15 నుంచి 30 శాతం మందికి ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వస్తుంది. కొందరికి క్యాన్సర్‌గా మారుతుంది. ఇన్నేళ్లూ మనిషి మామూలుగానే తిరుగుతాడు, ఉద్యోగం చేస్తాడు. కళ్లు పచ్చబడవు. కామెర్లంటే పసరు మందుకో, చేతి మీద వాతలకో పరుగెత్తే అలవాటు మన ప్రాంతాల్లో ఇంకా ఉంది. ఈ జబ్బులో ఆ పసరుకు పని లేదు. పరీక్ష ఒక్కటే దారి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారు. 2022లో దీనివల్ల సుమారు 2,42,000 మంది చనిపోయారు. దీనికి ఇంతవరకు టీకా లేదు.

1970లలో అమెరికాలో హార్వే ఆల్టర్ అనే వైద్యుడు రక్తం ఎక్కించుకున్నవారిలో కాలేయ జబ్బులను పరిశీలిస్తూ, కొన్నిటికి ఎ గానీ బి గానీ కారణం కాదని గుర్తించాడు. అప్పటికి పేరు లేక దాన్ని "ఎ కానిది, బి కానిది" అనే పిలిచారు. 1989లో కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, ఆయన సహచరులు క్వి-లిమ్ చూ, జార్జ్ కువో ఆ వైరస్‌ను పట్టుకున్నారు. ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్ ముగ్గురికీ 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ దొరకగానే రక్త పరీక్ష తయారైంది. మందుకు మాత్రం చాలా కాలం పట్టింది.

ఇంటర్‌ఫెరాన్ రోజులు

మొదట వచ్చిన మందు ఇంటర్‌ఫెరాన్. 1991లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని హెపటైటిస్ సి కి అనుమతించింది. ఇది వైరస్‌ను నేరుగా కొట్టదు, మన శరీరంలోని రక్షణ వ్యవస్థను రెచ్చగొడుతుంది. వారానికి మూడు సూదులు. 1998లో దీనికి రిబావిరిన్ అనే మాత్ర తోడైంది. తర్వాత వారానికి ఒక్క సూదితో సరిపోయే పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చింది.

చాలామందికి ఈ చికిత్స 48 వారాలు సాగేది. సూది వేసిన రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు, వణుకు. నెలలు గడిచేకొద్దీ జుట్టు రాలడం, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, కొందరిలో ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లే నిరాశ. రిబావిరిన్ వల్ల రక్తహీనత. ఇంత భరించినా, గట్టి రకమైన జెనోటైప్ 1 ఉన్నవారిలో సగం మందికి కూడా నయమయ్యేది కాదు. మధ్యలో మానేసినవారు ఎందరో. "హెపటైటిస్ మందు జబ్బుకన్నా కష్టం" అన్న మాట మన పెద్దల్లో మిగిలిపోయింది ఈ రోజుల నుంచే. ఇప్పటి మాత్రలు ఇంటర్‌ఫెరాన్ కావన్నది ముందుగా గుర్తుంచుకోవాలి.

వైరస్ పనిముట్ల మీదే దెబ్బ

హెపటైటిస్ సి వైరస్ కాలేయ కణంలోకి దూరి, అక్కడి సరుకుతోనే తన నకళ్లు తయారు చేసుకుంటుంది. ఇందుకు దానికి మూడు పనిముట్లు ముఖ్యం. పొడవుగా తయారైన ప్రోటీన్‌ను ముక్కలుగా కోసే కత్తెర ఒకటి, దాని పేరు ప్రోటియేజ్. జన్యు సందేశాన్ని నకలు తీసే యంత్రం రెండోది, పాలిమరేజ్. నకళ్లు తీయడానికి, వాటిని కూర్చడానికి చోటు సిద్ధం చేసే ఎన్ఎస్5ఎ అనే ప్రోటీన్ మూడోది.

కొత్త మందులు ఈ మూడిటిలో ఏదో ఒకదాన్ని అడ్డుకుంటాయి. పేరు చివర చూస్తే ఏది దేన్ని అడ్డుకుంటుందో మనకే తెలిసిపోతుంది. "ప్రెవిర్" అని ముగిస్తే కత్తెరను, "అస్విర్" అని ముగిస్తే ఎన్ఎస్5ఎను, "బువిర్" అని ముగిస్తే నకలు యంత్రాన్ని. సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్, వెల్పటాస్విర్ అన్న పేర్లు సీసా మీద చూసినప్పుడు ఇది గుర్తుకు తెచ్చుకోండి. ఈ వైరస్ నకళ్లు తీసేటప్పుడు తప్పులు ఎక్కువ చేస్తుంది, ఆ తప్పుల్లోంచే మందుకు లొంగని రకాలు పుడతాయి. అందుకే ఒక్క మందుతో సరిపెట్టరు, రెండు కలిపి ఇస్తారు.

సి ని పూర్తిగా తొలగించవచ్చు, బి ని ఎందుకు తొలగించలేం? మన భాషలో చెప్పాలంటే బి వైరస్ కణ కేంద్రకంలో శాశ్వత ఖాతా తెరుస్తుంది. లావాదేవీలు ఆపినా ఖాతా మూతపడదు. సి వైరస్ కేంద్రకంలోకి వెళ్లదు, అక్కడ దానికి ఖాతా లేదు. ఏ రోజుకారోజు నకళ్లు తీసుకుంటేనే బతుకుతుంది. ఆ నకళ్లు కొన్ని వారాలు ఆపగలిగితే శరీరంలోంచి పూర్తిగా పోతుంది. ఈ తేడా ఈ వ్యాసంలో చివరిదాకా పనికొస్తుంది.

ఆగిపోయిన మందులు

కొత్త మందును ముందు ప్రయోగశాలలో, జంతువుల మీద పరీక్షిస్తారు. తర్వాత మొదటి దశలో కొద్దిమంది మనుషులకు ఇచ్చి ఎంత మోతాదు తట్టుకోగలరో చూస్తారు. రెండో దశలో కొన్ని వందల మంది రోగుల్లో పనిచేస్తోందా అని చూస్తారు. మూడో దశలో ఇంకా పెద్ద సంఖ్యలో, పాత మందుతోనో ఉత్తుత్తి మాత్రతోనో పోల్చి చూస్తారు. ప్రతి దశలోనూ పనితనంతో పాటు భద్రత లెక్క కూడా రాస్తూ పోతారు. ఎక్కడ తేడా వచ్చినా ఆపేయడమే నియమం.

హెపటైటిస్ సి మందుల చరిత్రలో ఈ నియమం చాలాసార్లు పనిచేసింది. 2003లో బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ బీఐఎల్ఎన్ 2061 అనే మందు రెండే రెండు రోజుల్లో వైరస్‌ను విపరీతంగా తగ్గించిందని ప్రకటించింది. వైరస్‌ను నేరుగా కొట్టవచ్చని తేలింది. కానీ ఎక్కువ మోతాదు ఇచ్చిన కోతుల్లో గుండె కండరం దెబ్బతింది. ఆ మందు అక్కడే ఆగిపోయింది.

2011 మే నెలలో టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ అనే మొదటి రెండు మందులకు అనుమతి వచ్చింది. వీటిని ఇంటర్‌ఫెరాన్‌తో కలిపే వాడాలి. నయమయ్యేవారి శాతం పెరిగింది, కష్టం కూడా పెరిగింది. టెలాప్రెవిర్‌తో కొందరిలో తీవ్రమైన చర్మ వ్యాధి వచ్చి మరణాలు సంభవించడంతో 2012 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఆ మందు మీద అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది. అంతకన్నా మంచి మందులు రావడంతో 2014లో కంపెనీ దాన్ని మార్కెట్ నుంచే తీసేసింది.

అన్నిటికన్నా బాధాకరమైనది 2012 నాటి సంఘటన. బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ కంపెనీ ఆ ఏడాది జనవరిలో ఇన్‌హిబిటెక్స్ అనే చిన్న కంపెనీని సుమారు 250 కోట్ల డాలర్లకు కొనుగోలుకు ఒప్పుకుంది. ముఖ్యంగా ఒకే ఒక్క హెపటైటిస్ సి మందు కోసం. రెండో దశ ప్రయోగంలో ఆ మందు తీసుకున్న ఒక రోగికి గుండె వైఫల్యం రావడంతో ఆగస్టు 1న ప్రయోగం ఆపేశారు. ఆ రోగి చనిపోయారు. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అదే నెలలో మందును పూర్తిగా వదిలేశారు. 180 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. మన లెక్కలో అది మంజూరైన ఏడాదిలోనే రైటాఫ్ అయిన పద్దు. ఎఫ్‌డీఏ అంతటితో ఊరుకోలేదు. అదే రసాయన కుటుంబానికి చెందిన మరో కంపెనీ మందు ప్రయోగాన్ని కూడా ఆపించింది.

"గుండెకు మంచివి కావట" అన్న మాటకు మూలం ఈ మందులే. అవి ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. ఒక ప్రాణం పోవడం చిన్న విషయం కాదు. ఆ ప్రయోగంలో చేరిన రోగులు తమ ఒంటి మీద తీసుకున్న ప్రమాదం వల్లే మిగతా ప్రపంచానికి ఆ మందు చేరకుండా ఆగింది. ఇది మరిచిపోకూడదు.

నిలబడిన మందు

ఫార్మాసెట్ అనే కంపెనీలో మైకేల్ సోఫియా అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన బృందం తయారు చేసినదే సోఫోస్‌బువిర్. ఆ పేరులో ఆయన ఇంటిపేరు వినిపిస్తుంది. నకలు యంత్రానికి అసలు ఇటుక బదులు నకిలీ ఇటుక అందించడం దీని పని. ఆ ఇటుక పడగానే గోడ ఆగిపోతుంది. ఇదే కంపెనీ దీనితోపాటు మరో మందును కూడా రోగుల్లో పరీక్షించింది. ఆ రెండో మందు తీసుకున్నవారిలో కాలేయ పరీక్షలు తేడాగా రావడంతో 2011 డిసెంబరులో దాన్ని ఆపేశారు. సోఫోస్‌బువిర్‌కు అలాంటి సమస్య రాలేదు. గిలియడ్ కంపెనీ ఫార్మాసెట్‌ను సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్నది. 2013 డిసెంబరు 6న సోఫోస్‌బువిర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

దీనికి వెల్పటాస్విర్ కలిపి చేసిన ఆస్ట్రల్-1 అనే ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. 624 మందికి రోజుకొక మాత్ర చొప్పున 12 వారాలు అసలు మందు ఇచ్చారు. 116 మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మందు తీసుకున్నవారిలో 99 శాతం మందికి వైరస్ పోయింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో ఒక్కరికీ పోలేదు. తలనొప్పి, నీరసం, జలుబు, వికారం వంటి ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా కనిపించాయి. అంటే ఆ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మందు వల్ల వచ్చినవి కావు. ఇంటర్‌ఫెరాన్‌తో 48 వారాలు నలిగినవారికి ఇది నమ్మశక్యం కాని మాట.

52 లక్షల నుంచి ఉచితం దాకా

మందు వచ్చింది, ధర మాత్రం అందనంత ఎత్తులో ఉంది. అమెరికాలో ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. పన్నెండు వారాలకు 84 మాత్రలు, 84,000 డాలర్లు. అప్పటి మారకపు రేటుతో సుమారు 52 లక్షల రూపాయలు. అప్పట్లో మనలో చాలామంది తీసుకున్న గృహరుణం కన్నా ఎక్కువ.

ఇక్కడే మన హైదరాబాద్ కథలోకి వస్తుంది. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ తయారీదారులకు లైసెన్సు ఇచ్చింది. వాటిలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హెటెరో ఒకటి. పేటెంటు దరఖాస్తును వ్యతిరేకిస్తూ వచ్చిన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా 2015 మార్చిలో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. నాట్కో తన మందుకు హెప్సినాట్ అని పేరు పెట్టి 28 మాత్రల సీసాను రూ.19,900కు విడుదల చేసింది. లెక్క వేస్తే మాత్ర ఒక్కటి సుమారు రూ.711. పన్నెండు వారాలకు మూడు సీసాలు, రూ.59,700. పోటీ పెరిగేకొద్దీ ధర ఇంకా దిగింది.

2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. ఆ తేదీ ప్రపంచ హెపటైటిస్ దినోత్సవం. బి వైరస్‌ను కనిపెట్టిన బరూక్ బ్లంబర్గ్ పుట్టినరోజు కూడా అదే. ఈ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. సిర్రోసిస్ లేనివారికి సాధారణంగా సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ 12 వారాలు ఇస్తారు. సిర్రోసిస్ ఉన్నవారికి సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ ఇస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి రిబావిరిన్ చేర్చడమో, గడువు పెంచడమో చేస్తారు.

ప్రయోగాల్లో లేనివారి సంగతి

రుణం ఇచ్చే ముందు ఎంత పరిశీలించినా, మంజూరు తర్వాత తనిఖీ మానం కదా. మందులకూ అంతే. అనుమతి వచ్చాక లక్షల మంది వాడటం మొదలుపెట్టాకే కొన్ని ప్రమాదాలు బయటపడతాయి.

2015 మార్చిలో ఒకటి తెలిసింది. గుండె లయ తప్పినవారు వాడే అమియోడరోన్ అనే మందుతో సోఫోస్‌బువిర్ కలిస్తే కొందరిలో గుండె వేగం ప్రమాదకరంగా పడిపోయింది. ఒకరు మరణించారు, ముగ్గురికి పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. తప్పు ఒక్క మందుది కాదు, రెండు మందుల కలయికది.

2016 అక్టోబరులో రెండోది తెలిసింది. హెపటైటిస్ సి తో పాటు హెపటైటిస్ బి కూడా ఉన్నవారు ఈ మాత్రలు వేసుకుంటే, సి తగ్గుతుండగా బి విజృంభించింది. ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చిన 24 కేసుల్లో ఇద్దరు మరణించారు, ఒకరికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకుంటే, బలమైనవాడు ఉన్నంతకాలం రెండోవాడు నోరెత్తడు. సి వైరస్ ఉన్నంతకాలం బి అణిగి ఉంటుంది. సి ని ఖాళీ చేయించగానే బి తల ఎత్తుతుంది. బి కి శాశ్వత ఖాతా ఉందని పైన చెప్పుకున్నది ఇందుకే.

మరి వేలమందితో చేసిన ప్రయోగాల్లో ఇది ఎందుకు కనబడలేదు? బి ఉన్నవారిని ఆ ప్రయోగాల్లో చేర్చుకోలేదు కాబట్టి. ప్రయోగంలో లేనివారికి రాబోయే ప్రమాదం ప్రయోగం చూపించదు. మందు భద్రత గురించి నేను చదివినవాటిలో నా మనసులో నిలిచిపోయిన మాట ఇదే. "ఈ మందు సురక్షితమా?" అని మాత్రమే అడిగితే చాలదు. "నాలాంటివారిలో ఇది సురక్షితమేనా?" అని అడగాలి.

ఈ ద్వీపాల్లో ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యం

ఇప్పుడు శ్రీ విజయ పురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో 1983 నుంచి భారత వైద్య పరిశోధన మండలికి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ కేంద్రం శాస్త్రవేత్తలు ద్వీపాల్లోని గిరిజనుల్లో హెపటైటిస్ మీద ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశారు. వాటిలో తేలిన ముఖ్యమైన సంగతి హెపటైటిస్ బి చాలా ఎక్కువగా ఉండటం. నికోబారీల్లో పరీక్షించినవారిలో నూటికి ఇరవై మందికి పైగా బి వైరస్ మోస్తున్నారు. 2000 సంవత్సరం ప్రాంతంలో కార్ నికోబార్‌లో బి టీకాలు వేసి, ఆ రక్షణ ఎంతకాలం నిలుస్తుందో తర్వాతి సంవత్సరాల్లో గమనిస్తూ వచ్చారు. 2011 నాటికి బి టీకా దేశమంతటా పిల్లల సార్వత్రిక టీకాల్లో చేరింది. ఆ టీకా చవగ్గా అందడంలో 1997లో మొట్టమొదటి స్వదేశీ రీకాంబినెంట్ టీకా తెచ్చిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ పాత్ర తెలుగువారికి తెలిసిందే. అయినా టీకాలు రాకముందు పుట్టిన పెద్దల తరం మిగిలే ఉంది.

అంటే ఇక్కడ ఎవరికైనా సి అని తేలితే, బి పరీక్ష చేయకుండా మాత్ర మొదలుపెట్టడం మరీ ప్రమాదం. ఇది నికోబారీ సహోద్యోగులకు, ఖాతాదారులకు మాత్రమే చెప్పే మాట కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు, బదిలీ మీద వచ్చే మనలాంటివారు, అందరం అవే ఆసుపత్రుల్లో వైద్యం చేయించుకుంటున్నాం. బి పరీక్ష ఒక చిన్న రక్త పరీక్ష. బి ఉన్నా సి చికిత్స మానాల్సిన పని లేదు. అవసరాన్ని బట్టి డాక్టరు టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ తోడు ఇస్తారు, లేదా తరచు రక్త పరీక్షలతో కనిపెట్టి ఉంటారు. ముందే తెలిస్తే దారి ఉంది. తెలియకపోతేనే ముప్పు.

ద్వీప జీవితంలో ఇంకో చిక్కు దూరం. క్యాంప్‌బెల్ బే, హట్ బే వంటి చోట్ల ఉన్నవారు వాతావరణం బాగుంటేనే కదలగలరు. పన్నెండు వారాల్లో మాత్రలు మధ్యలో అయిపోతే వైరస్ మళ్లీ పుంజుకోవచ్చు. అందుకని చికిత్స మొదలుపెట్టేటప్పుడే తర్వాతి సీసా ఎక్కడ, ఎప్పుడు తీసుకోవాలో అడిగి రాసుకోవాలి. ఈ మధ్యలో సెలవు మీద మెయిన్‌ల్యాండ్ వెళ్లాల్సి వస్తే మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ద్వీపాల్లో ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రి జి.బి. పంత్. పరీక్ష, చికిత్స వివరాలు ముందుగా అక్కడ అడగడం మంచిది.

చికిత్సకు ముందు డాక్టరుగారికి చెప్పవలసినవి

ఒకటి, హెపటైటిస్ బి పరీక్ష జరిగిందా లేదా. ఎయిడ్స్ పరీక్ష, కిడ్నీ, లివర్ పరీక్షలు కూడా.

రెండు, వాడుతున్న మందులన్నీ. అమియోడరోన్ పైన చెప్పుకున్నాం. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ వంటి మాత్రలు వెల్పటాస్విర్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం మన అధికారుల్లో చాలామందికి అలవాటు. దాన్ని మందుగా లెక్కపెట్టం. డాక్టరుకు తప్పక చెప్పండి. నాటు మందులు, మూలికలు వాడుతుంటే అవి కూడా.

మూడు, మధుమేహం. వైరస్ తగ్గేకొద్దీ కొందరిలో షుగర్ కూడా తగ్గుతుంది. పాత మోతాదే కొనసాగిస్తే లో షుగర్ వచ్చే అవకాశం ఉంది. తరచు చూసుకోవాలి.

నాలుగు, కాలేయం ఎంత దెబ్బతింది. పొట్టలో నీరు చేరినవారికి, రక్తం వాంతి అయినవారికి "ప్రెవిర్" ఉన్న మందులు పనికిరావు. 2019లో ఎఫ్‌డీఏ ఈ విషయం మళ్లీ గట్టిగా హెచ్చరించింది.

ఐదు, గర్భం. గర్భిణులకు ఈ చికిత్స సాధారణంగా ప్రసవం తర్వాతికి వాయిదా వేస్తారు. రిబావిరిన్ వాడితే భార్యాభర్తల్లో ఎవరు వాడినా, మందు ఆపిన తర్వాత కూడా డాక్టరు చెప్పినంతకాలం గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

తరచు వచ్చే సందేహాలు

ఒకే కంచంలో తింటే, ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే వస్తుందా? రాదు. ముట్టుకుంటే, కౌగిలించుకుంటే, పక్క సీట్లో కూర్చుంటే రాదు. రేజరు, బ్లేడు, గోళ్ల కత్తెర, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వారికే ఉండాలి.

నయమైందని ఎలా తెలుస్తుంది? మందు ఆపిన 12 వారాల తర్వాత ఆర్ఎన్ఏ పరీక్ష చేస్తారు. అప్పటికీ వైరస్ కనబడకపోతే నయమైనట్టే.

నయమయ్యాక కూడా రక్త పరీక్షలో పాజిటివ్ వస్తోందేమిటి? మామూలుగా చేసే యాంటీబాడీ పరీక్ష వైరస్‌ను చూడదు, ఒకప్పుడు వైరస్ వచ్చిన గుర్తును చూస్తుంది. మూసేసిన ఖాతాకు పాత లెడ్జర్ మిగిలినట్టు ఆ గుర్తు చాలామందిలో ఉండిపోతుంది. పిల్లల ఉద్యోగ వైద్య పరీక్షలోనో, బీమా పరీక్షలోనో ఇది వచ్చి కంగారు పెడుతుంది. అందుకే ఆర్ఎన్ఏ నెగటివ్ రిపోర్టును ఇంటి దస్తావేజులతో పాటు భద్రంగా దాచుకోవాలి.

ఈ మందులతో కాలేయ క్యాన్సర్ వస్తుందా? 2016 ప్రాంతంలో అలాంటి అనుమానం లేచింది. తర్వాత ఫ్రాన్స్‌లో సుమారు పదివేల మందిని గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స తీసుకున్నవారిలోనే క్యాన్సర్, మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే అప్పటికే సిర్రోసిస్ ఉన్నవారు వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ మానకూడదు.

ఒకసారి నయమైతే మళ్లీ రాదా? మళ్లీ సోకవచ్చు. చికెన్ పాక్స్‌లాగా ఒకసారి వస్తే రక్షణ ఏర్పడే జబ్బు కాదు ఇది. సూది ఎప్పుడూ మన కళ్లముందు విప్పిన కొత్తదే కావాలని అడగండి. అలా అడగడం డాక్టరును అవమానించడం కాదు.

ఇంట్లో మనం చేయవలసింది

మందు వచ్చేసింది, చవకైంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇక మిగిలింది పరీక్ష. చిన్నప్పుడు ఆపరేషన్ అయి రక్తం ఎక్కించుకున్నవారు, ఏళ్లనాడు సూదులు మార్చకుండా ఇంజెక్షన్లు వేసిన చోట వైద్యం చేయించుకున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, పచ్చబొట్టు వేయించుకున్నవారు ఒక్కసారి హెపటైటిస్ బి, సి పరీక్షలు రెండూ కలిపి చేయించుకోవాలి. రెండూ కలిపి అన్న మాట మాత్రం మరువకండి. ఖర్చు, సెలవు, బీమా సంగతులు ముందే హెచ్ఆర్ విభాగంలో కనుక్కోండి.

మన ఇంట్లో గానీ, శాఖలో గానీ ఎవరికైనా పాజిటివ్ వస్తే వారి గ్లాసు వేరు పెట్టకండి, వారి పెళ్లి సంబంధం గురించి గుసగుసలాడకండి. చాలామందికి పన్నెండు వారాల్లో ముగిసే చికిత్స ఇది. రోజూ ఒకే వేళకు మాత్ర గుర్తుచేసే మనిషి ఒకరు, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే చాలు.